తెగే చోటు ఎక్కడుండాలి: రేడియో బగ్గీల సంరక్షణ, భాగాల మార్పిడిపై ఒక సమీక్ష

రేడియో సంకేతాలతో దూరం నుంచి నడిపే పందెపు బగ్గీ పైకి ఆటబొమ్మలా కనిపించినా, విప్పి చూస్తే పూర్తి వాహనమే. ప్రతి చక్రానికీ విడిగా సస్పెన్షన్, సిలికాన్ నూనె నింపిన నాలుగు షాకబ్జర్లు, ముందు వెనుక ఇరుసుల్లో డిఫరెన్షియళ్లు, పెద్ద బండ్లలో ఆ రెండింటి మధ్య ఇంకొకటి, చుట్టూ చిన్నచిన్న బేరింగులు, స్టీరింగును తిప్పే సర్వో అనే చిన్న మోటారు, వీటన్నిటికీ చలనమిచ్చే బ్రష్‌లెస్ మోటారు గానీ మిథనాల్‌తో నడిచే టూ స్ట్రోక్ ఇంజను గానీ ఇందులో ఉంటాయి. అసలు వాహనపు కొలతల్లో ఎనిమిదో వంతుగా చేసినవాటిని 1:8 తరగతి అనీ, పదో వంతుగా చేసినవాటిని 1:10 తరగతి అనీ వ్యవహరిస్తారు. పోటీల్లో తిరిగే 1:8 బగ్గీ మూడు కిలోలకు పైగా బరువుంటుంది. గంటకు 60 కిలోమీటర్లు దాటే వేగంతో మట్టిదిబ్బల మీదుగా ఎగిరి నేల మీద పడుతుంది. అలా పడిన ప్రతిసారీ ఆ దెబ్బను ఏదో ఒక భాగం భరించాలి. ఏ భాగం భరించాలి, ఏది అరిగిపోనివ్వాలి, ఏది విరిగిపోనివ్వాలి అన్నదే సంరక్షణలో అసలు ప్రశ్న. మెరుగైన భాగాలు వేయడం గురించి జరిగే చర్చలో ఎక్కువ భాగం ఈ ప్రశ్నను పక్కనపెట్టి సాగుతోంది. ఒక భాగాన్ని గట్టిది చేస్తే ఆ భాగం విరగడం ఆగుతుంది, దెబ్బ మాత్రం ఆగదు. అది పక్క భాగానికి చేరుతుంది. ఈ సంగతిని దృష్టిలో ఉంచుకుని సంరక్షణనూ భాగాల మార్పిడినీ కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయమై లభించే సమాచారం ప్రధానంగా రెండు రకాలు. ఒకటి తయారీదారులు ఇచ్చే పుస్తకాలు. రెండోది పోటీదారులు ఏ ట్రాక్ మీద ఏ నూనె, ఏ స్ప్రింగు, ఏ టైరు వాడారో రాసుకునే సెటప్ పత్రాలు. రెండూ విలువైనవే కానీ, వీటిలో ఎక్కువ భాగం జపాన్, అమెరికా, ఐరోపా వాతావరణాలను, తడిపి చదును చేసిన ట్రాకులను లెక్కలో పెట్టుకుని రాసినవి. సూర్యాపేటకు దక్షిణాన ఉన్న పెన్‌పహాడ్ మండలంలోనో, కోదాడ, మిర్యాలగూడల చుట్టుపక్కలనో బగ్గీ నడిపేవారికి వాటిని ఉన్నదున్నట్టు పాటించడం కుదరదు. ఇక్కడ మే నెలలో పగటి ఎండ 43, 44 డిగ్రీలను తాకుతుంది. యాసంగి కోతల తర్వాత ఖాళీ పడిన చెల్కల్లో, మట్టి బాటల్లో చక్రం తిరిగిందంటే సన్నని ఎర్ర దుబ్బ లేస్తుంది. వానాకాలంలో నల్లరేగడి తడిసి ముద్దలై చక్రాలకూ, వాటిని మోసే ఆర్ములకూ పట్టుకుంటుంది. మిర్యాలగూడ పరిసరాల్లో వీటికి తోడు ఇంకో సంగతి ఉంది: ఉప్పుడు బియ్యపు మిల్లుల బాయిలర్లలో వడ్ల ఊకనే ఇంధనంగా కాలుస్తారు, ఆ ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికా. అంటే అది గాలిలో తేలే సానరాయి పొడి. బేరింగులోకి చేరితే మామూలు మట్టి కంటే త్వరగా అరగదీస్తుంది.

బగ్గీల చరిత్రను స్థూలంగా చూసినా దెబ్బ చోటు మారడమే కనిపిస్తుంది. జపాన్‌కు చెందిన తమియా సంస్థ 1976లో 1:12 కొలతల పోర్షే 934తో రేడియో కార్ల రంగంలో అడుగుపెట్టి, 1979లో రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ అనే బగ్గీలను తెచ్చింది. అమెరికాలోని టీమ్ అసోసియేటెడ్ 1984లో విడుదల చేసిన ఆర్‌సీ10 పోటీ బగ్గీ రూపురేఖలను స్థిరపరచింది. 1985లో జరిగిన మొదటి 1:10 ఆఫ్‌రోడ్ ప్రపంచ పోటీల్లో రెండు చక్రాల డ్రైవ్ విభాగం దానికే దక్కింది. ఆ బండికి అడుగు తొట్టి అల్యూమినియంతో, ఆర్ములు నైలాన్‌తో చేశారన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. అన్నిటినీ లోహంతో చేసే అవకాశం ఉన్నా చేయలేదు. తర్వాతి దశాబ్దాల్లో నికెల్ బ్యాటరీల స్థానంలో లిథియం పాలిమర్ బ్యాటరీలు, కార్బన్ బ్రష్‌ల మోటార్ల స్థానంలో బ్రష్‌లెస్ మోటార్లు వచ్చాయి. శక్తి పెరిగిన కొద్దీ బలహీనత మోటారు నుంచి గేర్లకు, గేర్ల నుంచి డిఫరెన్షియళ్లకు, అక్కడి నుంచి డ్రైవ్ షాఫ్టులకు జరుగుతూ వచ్చింది. ఇవాళ పాత బగ్గీకి బలమైన బ్రష్‌లెస్ మోటారు బిగించే ప్రతి ఒక్కరూ ఆ నలభై ఏళ్ల చరిత్రను ఒకే నెలలో, సొంత ఖర్చుతో చూస్తున్నారు.

సంరక్షణలో మొదటి స్థానం దుబ్బది. బేరింగు అంటే లోపలి, బయటి ఉక్కు వలయాల మధ్య గుండ్లు దొర్లే ఏర్పాటు. బగ్గీలో వాడేవి ప్రపంచమంతటా ఒకే నంబర్లతో దొరికే మామూలు బేరింగులే అన్న సంగతి చాలామందికి తెలియదు. 1:8 బగ్గీ చక్రాల దగ్గర సాధారణంగా వాడే 8 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 16 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 5 మిల్లీమీటర్ల మందం గల బేరింగు నంబరు 688. 5×10×4 కొలతది ఎంఆర్105. నంబరు చివర జడ్‌జడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూతలు, 2ఆర్ఎస్ అని ఉంటే రబ్బరు మూతలు. రేకు మూతకూ లోపలి వలయానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. రబ్బరు మూత ఆ సందును దాదాపు మూసేస్తుంది, దానికి బదులుగా తిరగడంలో కొద్దిపాటి ఒరిపిడి పెంచుతుంది. కార్పెట్ ట్రాకుల మీద ఆ ఒరిపిడిని తగ్గించేందుకు రేకు మూతలు, సిరామిక్ గుండ్ల బేరింగులు వాడమని చెప్పే సలహా పెన్‌పహాడ్ దుబ్బలో పనికిరాదు. ఇక్కడ చక్రాల దగ్గర 2ఆర్ఎస్ తప్ప మరొకటి వేయడం డబ్బు దండగ. సిరామిక్ గుండ్లు ఎంత గట్టివైనా అవి దొర్లే వలయాలు ఉక్కువే; ఇసుక చేరితే గుండు నిలుస్తుంది, గాడి పోతుంది.

బేరింగు శుభ్రం చేసే పని చిన్నదే అయినా ఒక క్రమం కోరుతుంది. సన్నని కత్తి మొనతో రబ్బరు మూత అంచును లేపి తీసి, బేరింగును పెట్రోలులో గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గానీ ఆడించి, మురికి వదిలాక పూర్తిగా ఆరబెట్టి, చక్రాలకైతే పలచని గ్రీజు, వేగంగా తిరిగే మోటారు బేరింగుకైతే ఒకటి రెండు చుక్కల పలచని నూనె వేసి మూత నొక్కాలి. ఆ తర్వాత వేలి మీద తిప్పినప్పుడు గరగర వినిపిస్తే గాడి దెబ్బతిన్నట్టే, ఎంత కడిగినా ఫలితం ఉండదు. బండిని నీటి పైపు కింద పెట్టి కడిగే అలవాటు ఇక్కడ బైకుల వల్ల బగ్గీలకూ పాకింది. పైపు ఒత్తిడి దుబ్బను బయటికి తేవడం కంటే మూతల కిందికి నెట్టడమే ఎక్కువ. కుంచె, గాలి గొట్టం చాలు. నల్లరేగడి పట్టినప్పుడు తడి మీద గీకకుండా ఆరనిచ్చి దులిపితే పెళ్లలుగా రాలిపోతుంది.

ఇంజను బగ్గీల్లో దుబ్బ ప్రభావం ఇంకా తీవ్రం. 1:8 తరగతిలో వాడే 3.5 సీసీ ఇంజనులో పిస్టన్ అల్యూమినియంతో, అది కదిలే గొట్టం లోపల క్రోమియం పూత పూసిన ఇత్తడితో తయారవుతాయి. పిస్టన్‌కు రింగులుండవు. గొట్టం పైభాగం కొద్దిగా ఇరుకై ఉంటుంది. పిస్టన్ పైకి చేరినప్పుడు అక్కడ బిగుతుగా పట్టడం వల్లే కంప్రెషన్ నిలుస్తుంది. నిమిషానికి 30,000కు పైగా చుట్లు తిరిగే ఆ ఇంజనులోకి గాలి వడపోత దాటి దుబ్బ చేరితే ఆ బిగుతు పోతుంది. ఇంజను వేడెక్కగానే ఆగిపోవడం మొదలవుతుంది. అందుకే వడపోతలో రెండు పొరల ఫోము పెట్టి, దానికి జిగట నూనె పట్టించాలి. పాత ట్రాక్టర్ల ఆయిల్ బాత్ ఎయిర్ ఫిల్టరును శుభ్రం చేసినవారికి దీని తర్కం విడమరచి చెప్పనవసరం లేదు: దుమ్మును ఆపేది జాలి కాదు, నూనె తడి. ఎండాకాలపు చెల్కలో ప్రతి నడక తర్వాతా ఫోము మార్చడం అతి జాగ్రత్త అనిపించుకోదు.

ఇంజను బగ్గీల ఇంధనం మిథనాల్, నైట్రోమీథేన్, కందెన నూనెల మిశ్రమం. ఆ నూనెలో ఇప్పటికీ ఆముదానికి చోటుంది. వేడి హద్దు దాటినప్పుడు కృత్రిమ నూనెలు మాడిపోతే, శుద్ధి చేసిన ఆముదం లోహం మీద పొరలా అంటుకుని ఇంజనును కాపాడుతుంది. ఆ పొరే కాలక్రమంలో గోధుమరంగు మడ్డిగా పేరుకోవడం దాని లోపం. ఆముదం సాగుకు ఒకనాడు పేరుపడిన ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఈ ప్రస్తావన రావడం సహజమే కానీ, గానుగ ఆముదాన్ని నేరుగా ఇంధనంలో కలపడం మాత్రం తగదు. జిగురు తీయని నూనె కార్బొరేటరు సన్న రంధ్రాలను మూసేస్తుంది. నడక ముగిశాక ట్యాంకులో మిగిలిన ఇంధనాన్ని తీసేసి, ఇంజనులో కొన్ని చుక్కల నూనె వేసి తిప్పి ఉంచకపోతే మిథనాల్ పీల్చుకున్న తేమ బేరింగులకు తుప్పు పట్టిస్తుంది. మిథనాల్ విషపదార్థం, దాని నిల్వ, అమ్మకాలపై నియంత్రణ ఉంది. నైట్రోమీథేన్ చిన్న పట్టణాల్లో దొరకదు. ఈ కారణాల వల్ల, ఇంజను చప్పుడు మీద ఎంత మోజున్నా, ఈ ప్రాంతంలో కొత్తగా మొదలుపెట్టేవారికి విద్యుత్ బగ్గీయే ఆచరణలో నిలిచే దారి.

డిఫరెన్షియల్ విషయంలో వాడుకరుల శ్రద్ధ అతి తక్కువ, దాని ప్రభావం మాత్రం అతి ఎక్కువ. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కాబట్టి రెండింటికీ వేర్వేరు వేగాలను అనుమతించే గేర్ల పెట్టెనే డిఫరెన్షియల్ అంటారు. లారీ డిఫరెన్షియల్‌లో నూనె కేవలం కందెన. బగ్గీలో అదే నూనె పనితీరును నిర్ణయిస్తుంది: లోపల నింపిన సిలికాన్ ద్రవం ఎంత చిక్కనైతే ఒక చక్రం గాలిలో వృథాగా తిరగడం అంత తగ్గుతుంది. ఆ చిక్కదనాన్ని సెంటీస్టోక్ అనే ప్రమాణంతో కొలుస్తారు. 1:8 బగ్గీలో ముందు 5,000 నుంచి 7,000, మధ్యలో అంతే లేదా కొంచెం ఎక్కువ, వెనుక 2,000 నుంచి 3,000 వరకు వాడడం పరిపాటి. పట్టు తక్కువగా ఉండే దుబ్బ నేల మీద వెనుక డిఫరెన్షియల్‌ను పలచగా ఉంచితే బండి మలుపులో తోక తిప్పకుండా నిలకడగా వస్తుంది.

ఈ పెట్టెను విప్పి నింపడం ఒకసారి దగ్గరగా చూడదగ్గది. నాలుగు మరలు తీసి పెద్ద గేరును వేరుచేస్తే లోపల అడ్డకడ్డీ మీద చిన్న గేర్లు, రెండు పక్కల పెద్ద గేర్లు కనిపిస్తాయి. పాత నూనె నల్లగా, మెరుస్తూ ఉంటే ఆ మెరుపు అరిగిన లోహానిదే. గేర్ల వెనుక సన్నని వాషర్లు, షాఫ్టు చుట్టూ ఓ రింగులు, మూత కింద కాగితపు గ్యాస్కెట్టు ఉంటాయి. నూనె కారిందంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి పోయినట్టే. కొత్త ద్రవాన్ని అడ్డకడ్డీ మునిగే వరకు మాత్రమే పోసి, గాలి బుడగలు పైకి తేలే దాకా కాసేపు ఆగి, ఎంత తగ్గిందో చూసి మళ్లీ పోయాలి. అంచు దాకా నింపితే వేడికి వ్యాకోచించిన ద్రవం ఓ రింగులను నెట్టుకుని బయటికి వస్తుంది. ఎండాకాలం ఆ బెడద రెట్టింపు. మరలను ఒకదాని తర్వాత ఒకటి గుండ్రంగా కాక, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. తక్కువ ధర బగ్గీల్లో చాలావాటికి తయారీలోనే ఈ ద్రవం బదులు చిటికెడు గ్రీజు పెట్టి పంపుతారు. అలాంటి బండికి కొత్త మోటారు కొనే ముందు మూడు పెట్టెలూ విప్పి నింపుకోవడం ఎక్కువ ఫలితమిచ్చే పని; దాన్ని అప్‌గ్రేడ్ అని ఎవరూ అనరు, అంతే.

మోటారు ఇరుసు మీది చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు స్పర్. ఈ రెండింటి పళ్ల మధ్య ఉండే సందును సరిపెట్టడం సంరక్షణలో కీలకం. మరీ దగ్గరైతే వేడెక్కి మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, మరీ దూరమైతే పళ్ల కొనలు మాత్రమే తగిలి స్పర్ నున్నగా అరుగుతుంది. పలచని నోటుపుస్తకం కాగితాన్ని పళ్ల మధ్య పెట్టి మోటారును అదిమి బిగించి, ఆపై కాగితాన్ని తిప్పి తీస్తే సందు చాలావరకు సరిపోతుంది. కాగితం చిరగకుండా మడతల గుర్తులతో బయటికి రావాలి. స్పర్ గేరు పూర్తి గుండ్రంగా ఉండదు కాబట్టి దాన్ని ఒక చుట్టు తిప్పి, అత్యంత బిగుతుగా ఉన్న చోట కొద్దిపాటి ప్లే, అంటే వదులు, ఉందో లేదో చూసుకోవాలి. మోటారు మరలకు నీలిరంగు లాక్‌టైట్ వేయడం మంచిదే. అయితే ఆ జిగురు లోహంలోకి లోహం బిగించే చోటనే పనికొస్తుంది, ప్లాస్టిక్‌కు తగిలితే పగుళ్లు తెప్పిస్తుంది.

ఎండ సంగతికి వస్తే, సెటప్ పత్రాలు అక్కరకు రానిది ఇక్కడే. బ్రష్‌లెస్ మోటారు ఉష్ణోగ్రత సుమారు 80 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలని సాధారణ నియమం. అంతకు మించితే లోపలి అయస్కాంతాల బలం క్షీణించడం, తీగ చుట్ల పూత చెడడం మొదలవుతాయి. చుట్టూ గాలి 20 డిగ్రీలుంటే మోటారు వేడెక్కడానికి 60 డిగ్రీల వెసులుబాటు ఉన్నట్టు. 42 డిగ్రీలుంటే మిగిలేది 38 మాత్రమే. అదే మోటారు, అదే బండి, అదే దారి అయినా ఇక్కడి మే నెలలో ఆ వెసులుబాటు మూడో వంతుకు పైగా పోయినట్టే. దీనికి మందు పెద్ద ఫ్యాను కాదు, చిన్న పినియన్. 46 పళ్ల స్పర్‌కు 13 పళ్ల పినియన్ ఉంటే మోటారు 3.54 చుట్లు తిరిగితే స్పర్ ఒక చుట్టు తిరుగుతుంది. 12 పళ్లది వేస్తే ఆ నిష్పత్తి 3.83 అవుతుంది. గరిష్ఠ వేగం ఎనిమిది శాతం వరకు తగ్గుతుంది, మోటారు మీద భారం అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది. ఒక పన్ను తక్కువ పినియన్ ఖరీదు ఎంతో స్వల్పం. అయినా ఎండాకాలంలో పినియన్ మార్చేవారి కంటే కాలిన మోటారు మార్చేవారే ఎక్కువగా కనిపిస్తారు.

షాకబ్జర్ల నూనె మీద కూడా ఎండ ప్రభావం ఉంటుంది. సిలికాన్ నూనె ఖనిజ నూనెలంత త్వరగా పలచబడదన్నది నిజమే గానీ, 25 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో సుమారు మూడో వంతును అది 45 డిగ్రీలకు చేరేసరికి కోల్పోతుంది. ఉదయం ఏడింటికి సరిపెట్టిన బండి మధ్యాహ్నం ఎగిరి పడినప్పుడు అడుగు నేలకు కొట్టుకోవడానికి కారణం ఇదే. చలికాలంలో 400 సెంటీస్టోక్ వాడే బండికి వేసవిలో 500 నుంచి 600 దాకా పెంచడం సబబు. వెయిట్ అనే ప్రమాణంతో అమ్మే నూనెల్లో ఒక సంస్థ 40కీ మరో సంస్థ 40కీ తేడా ఉంటుంది గనుక సెంటీస్టోక్ అంకెనే నమ్మాలి.

లిథియం పాలిమర్ బ్యాటరీ ఎండలో అన్నిటికంటే ముందు పాడయ్యే వస్తువు. ఒక్కో సెల్‌కు నిండినప్పుడు 4.2 వోల్టులు, నిల్వ ఉంచేటప్పుడు 3.8, ఎట్టి పరిస్థితిలోనూ తగ్గకూడని హద్దు 3 వోల్టులు. నిండా ఛార్జి చేసిన ప్యాకును మూసిన కారులో మధ్యాహ్నమంతా వదిలితే సెల్ లోపల వాయువులు పుట్టి ప్యాకు ఉబ్బుతుంది. ఉబ్బిన ప్యాకును నొక్కి సరిచేసే ప్రయత్నం ప్రమాదకరం. దాన్ని వాడకం నుంచి తీసేయడమే మార్గం. లిథియం పాలిమర్‌తో సహా విడి లిథియం అయాన్ ప్యాకులను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రపంచవ్యాప్తంగా నిషిద్ధం. కాబట్టి కొత్త ప్యాకు చేతికి రావడానికి ఆలస్యం కావచ్చు, ఉన్నదాన్ని కాపాడుకోవడం ఇంకా అవసరం.

ఇక అసలు వివాదం భాగాల మార్పిడి గురించి. మార్కెట్లో నీలి, ఎరుపు రంగుల అల్యూమినియం ఆర్ములు, హబ్బులు, షాక్ టవర్లు విరివిగా అమ్ముడవుతాయి. ఆర్ము అంటే చక్రాన్ని ఛాసిస్‌కు కలిపి పైకీ కిందికీ ఆడనిచ్చే చేయి. గాజు నారలు కలిపిన నైలాన్ ఆర్ము రాయికి తగిలితే వంగి మళ్లీ తన ఆకారానికి వస్తుంది. దెబ్బ మరీ పెద్దదైతే విరుగుతుంది. అల్యూమినియం ఆర్ము విరగదు గానీ, ఒకసారి వంగితే వంగినట్టే ఉండిపోతుంది, అది కంటికి కనిపించనంత వంపైనా బండి ఒక పక్కకు లాగుతుంది. అంతకంటే ముఖ్యం, నైలాన్ వంగి మింగేసిన దెబ్బ ఇప్పుడు ఆర్ముకు ఇరుసుగా ఉండే హింజ్ పిన్ను మీదికి, పిన్నును పట్టుకున్న దిమ్మ మీదికి, చివరికి ఛాసిస్ మీదికి పోతుంది. ఈ ప్రాంతపు రైతులకు ఇందులో కొత్తేమీ లేదు. రొటవేటరును తిప్పే షాఫ్టులో షియర్ బోల్టు పెట్టేది అది తెగడానికే. రాయి తగిలినప్పుడు ఆ చిన్న బోల్టు తెగి గేరుబాక్సును కాపాడుతుంది. మాటిమాటికీ తెగుతోందని దాని చోట గట్టి ఉక్కు బోల్టు బిగించినవారు ఆ తర్వాత గేరుబాక్సు కోసం ఎంత ఖర్చు పెట్టాల్సి వచ్చిందో ఏ ట్రాక్టరు మెకానిక్కును అడిగినా చెబుతాడు. నైలాన్ ఆర్ము బగ్గీ షియర్ బోల్టు. ప్రపంచ స్థాయి పోటీల్లో తిరిగే బగ్గీలు కూడా ఆర్ములను ప్లాస్టిక్ మిశ్రమాలతోనే చేయడం తయారీదారుల పిసినారితనం కాదు.

దీనర్థం లోహపు భాగాలన్నీ దండగ అని కాదు. దెబ్బ తినే భాగానికీ, అరిగే భాగానికీ తేడా గుర్తించాలి. స్టీరింగు చేతులు తిరిగే చోట ప్లాస్టిక్ బుష్‌లుంటే దుబ్బలో కొద్ది రోజులకే ప్లే వచ్చి చక్రాలు వణుకుతాయి. అక్కడ బేరింగులు వేయడం మంచి మార్పు. చక్రాన్ని పట్టుకునే షట్కోణపు హబ్బులు, అంటే 1:10కి 12 మిల్లీమీటర్లవీ, 1:8కి 17 మిల్లీమీటర్లవీ, ప్లాస్టిక్‌వైతే లోహానికి మార్చుకోవచ్చు, ఎందుకంటే అవి దెబ్బ మింగేవి కావు, తిప్పుడు బలాన్ని మోసేవి. మోటారు బిగించే దిమ్మ లోహానిదైతే వేడిని కూడా బయటికి పంపుతుంది. బలమైన మోటారు వేసినప్పుడు స్పర్ గేరును ఉక్కుకు మార్చాలా అన్నది మాత్రం తేలని ప్రశ్న. ఉక్కు స్పర్ నిలుస్తుంది, కానీ దాని పళ్ల మధ్యకు రాయి దూరితే అప్పటిదాకా స్పర్ పళ్లతో పోయే నష్టం డిఫరెన్షియల్ దాకా పోతుంది. మోటారు చుట్టూ మూత సరిగ్గా ఉన్న బండికి ఉక్కు, లేని బండికి ప్లాస్టిక్ అన్న మధ్యేమార్గం అనుభవజ్ఞుల్లో ఎక్కువగా వినిపిస్తుంది, అది సహేతుకమే.

సర్వో ఉదాహరణ దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. చక్రానికి తగిలిన దెబ్బ సర్వో లోపలి సన్నని గేర్లకు చేరకుండా మధ్యలో ఒక స్ప్రింగు ఏర్పాటు ఉంటుంది, దాన్ని సర్వో సేవర్ అంటారు. బలమైన లోహపు గేర్ల సర్వో వేసి సేవర్‌ను అలాగే వదిలేస్తే సర్వో బలమంతా స్ప్రింగును నొక్కడానికే సరిపోతుంది, చక్రాలు తిరగవు. సేవర్‌ను పూర్తిగా బిగించేస్తే ఖరీదైన కొత్త సర్వో గేర్లే ఊడతాయి. సర్వో మార్చినవారు సేవర్‌ను కూడా దానికి తగ్గట్టు, అంటే మోస్తరుగా, బిగించాలి.

ఇక్కడ ఎక్కువగా చేరుతున్నవి చైనాలో తయారైన తక్కువ ధర బగ్గీలు. డబ్ల్యూఎల్‌టాయ్స్ 144001 వంటి 1:14 బండి లోహపు అడుగు రేకు, నాలుగు చక్రాల డ్రైవ్, 550 సైజు బ్రష్ మోటారు, రెండు సెల్‌ల బ్యాటరీతో వస్తుంది. ఈ తరగతి బండ్ల విషయంలో ఒక క్రమం సూచించవచ్చు: ముందు డిఫరెన్షియళ్లలో ద్రవం, పినియన్ సందు, మరల బిగింపు, తర్వాత స్టీరింగు బుష్‌లు, చక్రాల బేరింగులు, ఆ పైన షాకబ్జర్ల ఓ రింగులు, నూనె. బ్రష్‌లెస్ మోటారు చివరిది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

త్రీడీ ప్రింటింగుతో విడిభాగాలు సొంతంగా చేసుకోవచ్చన్న ఆశ ఇంజనీరింగ్ విద్యార్థుల్లో బలంగా ఉంది. పదార్థం ఎంపికలో మాత్రం ఇక్కడి ఎండ అడ్డొస్తుంది. అందరూ మొదట వాడే పీఎల్‌ఏ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. మోటారు పక్కన, నల్లటి ఛాసిస్ మీద, మే నెల ఎండలో ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. పీఎల్‌ఏతో చేసిన మోటారు దిమ్మ నడుస్తుండగానే వంగి పినియన్ సందును చెడగొడుతుంది. రబ్బరులా వంగే టీపీయూతో చేసిన బంపర్లు, మట్టి అడ్డుకునే రేకలు మాత్రం కొన్నవాటికి ఏమాత్రం తీసిపోవు. అవి వంగడమే వాటి పని.

విడిభాగాల సరఫరా గురించి కొంత చెప్పాలి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. బండి చౌకగా కనిపించినా ఇక్కడికి చేరేసరికి ధర మారిపోవడానికి ఇదొక కారణం. కాబట్టి స్థానికంగా దొరికేవాటిని స్థానికంగానే తెచ్చుకోవడం తెలివైన పని. బేరింగులను బగ్గీ పేరుతో కాక నంబరుతో అడిగితే సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో దొరుకుతాయి. మరలు, ఓ రింగులు, వాషర్లు సూర్యాపేట, కోదాడల్లోనే హార్డ్‌వేర్ దుకాణాల్లో కొలత చూపించి తీసుకోవచ్చు. హింజ్ పిన్నులను లేత్ షాపులో సరైన వ్యాసం గల ఉక్కు కడ్డీని తెగ్గోసి, చివర గాడి తీయించి చేయించుకోవచ్చు. టర్నరు మరీ గట్టి ఉక్కు వాడితే మాత్రం దెబ్బ మళ్లీ దిమ్మలోకి పోతుంది. కొంచెం వంగే మామూలు ఉక్కు చాలు. గేర్లు లేత్ మీద చేయించడం అంత తేలిక కాదు. ఆ పళ్ల కొలత, అంటే మాడ్యూల్, తెలియాలి, పళ్లు కోసే మిల్లింగు కట్టరు ఉండాలి, ఉక్కును కాల్చి గట్టిపరచాలి. ఒక్క పినియన్ కోసం ఇంత శ్రమ పడే కంటే రెండు మూడు అదనంగా కొని డబ్బాలో ఉంచుకోవడమే మేలు. ఆ డబ్బాలో ముందు ఆర్ములు ఒక జత, హింజ్ పిన్నులు, ఒక స్పర్, చక్రాల బేరింగులు నాలుగు, డిఫరెన్షియల్ గ్యాస్కెట్లు ఉంటే ఒక ఎండాకాలం గడుస్తుంది.